నున్నగా రుద్దొద్దు... మెత్తగా అద్దండి!

రాత్రి ముహూర్తం. కల్యాణ మండపంలో ఎన్ని ఫ్యాన్లు తిరిగినా ఉక్కపోత తగ్గదు. గదిలో అద్దం ముందు ముచ్చటగా కనిపించిన పెళ్లికూతురి మొహం, పీటల మీద కూర్చుని వీడియో లైటు పడగానే మారిపోతుంది. బుగ్గల మీద మొటిమల గుంతలు లెక్కపెట్టేలా తేలతాయి. ముక్కు పక్కన ఫౌండేషన్ పగుళ్లు తీస్తుంది. వెనక వరసలోంచి ఓ పెద్దమ్మ మాట రానే వస్తుంది: "ఏటే, గుంట మొహం అలాగైపోనాదేటి?"

పలాస, టెక్కలి, సోంపేట... ఏ ఊరి పెళ్లిలోనైనా కనిపించేదే ఇది. తప్పు అమ్మాయి చర్మానిది కాదు. గుంతలు కప్పెయ్యాలని పూత మీద పూత వేశారు చూడండి, తప్పు అక్కడుంది.

రంగు దాగుతుంది, గుంత దాగదు

మొహం మీద మచ్చలు రెండు రకాలు. మంగు, మొటిమ మానాక మిగిలిన నలుపు, కాలిన మచ్చ... ఇవి రంగు తేడాలు. వీటిని మేకప్ బాగానే దాస్తుంది. మొటిమల గుంతలు, అమ్మవారు పోసినప్పటి లోతు మచ్చలు, చిన్న చిన్న పొక్కులు... ఇవి ఎత్తుపల్లాలు. పక్కనుంచి లైటు పడితే నీడ పడుతుంది. ఆ నీడే మనకి గుంతలా కనిపిస్తుంది. పైన ఎంత ఫౌండేషన్ మెత్తినా నీడ పోదు. పైగా గుంత అంచుల్లో పేరుకుని ఇంకా పట్టి చూపిస్తుంది.

అందుకే సూత్రం ఒక్కటే. రంగు తేడాని సరిచేయండి, ఎత్తుపల్లాల మీద పూత పల్చన చేయండి, మెరుపు తగ్గించండి. నాలుగడుగుల దూరం నుంచి మొహం నున్నగా కనిపిస్తే చాలు. పీటల దగ్గర భూతద్దం పట్టుకుని చూసేవారెవరూ ఉండరు కదా!

జీడి మచ్చ ఉంటే...

ఉద్దానంలో పుట్టి పెరిగినవాళ్లకి జీడి మచ్చ కొత్త కాదు. జీడిపిక్క తొక్కులో ఉండే నూనె చర్మానికి తగిలితే మండుతుంది, పొక్కుతుంది, నల్లబడి తోలు లేస్తుంది. చాకళ్లు బట్టల మీద గుర్తులు పెట్టిన నల్లజీడీ, మామిడీ కూడా ఈ కుటుంబానివే. పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూస్తే ఆ నూనె ఏం చేస్తుందో తెలుస్తుంది. వేసవి సెలవుల్లో పిక్కలు కాల్చుకు తినే పిల్లలకి బుగ్గ మీద చిటుక్కున చిందిందంటే, ఆ నలుపు నెలల తరబడి ఉంటుంది.

పొక్కు చితికి తడిగా ఉన్నప్పుడు దాని మీద మేకప్ వద్దే వద్దు. సబ్బుతో కడిగి, డాక్టరుకి చూపించి మాననివ్వండి. పూర్తిగా మానాక మిగిలేది రంగు తేడానే. కాబట్టి నారింజ రంగు కరెక్టరు కందిగింజంత తీసుకుని, నల్లగా ఉన్న చోట మాత్రమే వేలి కొసతో అద్దండి. మన ఛాయకి నారింజ రంగు నలుపుని బాగా చంపుతుంది. నేరుగా తెల్లటి కన్సీలరు వేస్తే మచ్చ బూడిద రంగుకి తిరుగుతుంది.

వరస తప్పకండి

* ఫేషియల్, థ్రెడింగ్, వ్యాక్సింగ్ ఏదైనా పెళ్లికి మూడు నాలుగు రోజుల ముందే అయిపోవాలి. కొత్త క్రీముని ముందుగా మోచేతి లోపలి వైపు రాసి, రెండు రోజులు చూడండి.

* నలుగు పెట్టేటప్పుడు మొటిమల మీద పిండితో గట్టిగా రుద్దనివ్వకండి. పెద్దవాళ్లు ముచ్చటపడితే చేతులకీ కాళ్లకీ కానివ్వండి.

* మంగళస్నానం అయ్యాక కూడా చర్మం మీద పసుపు ఛాయ కొంత మిగులుతుంది. ఫౌండేషన్ రంగు అప్పుడు మెడ దగ్గర సరిచూసుకోవాలి.

* మేకప్‌కి ముందు మొహానికి కొబ్బరినూనె వద్దు. పైన వేసినదంతా జారిపోతుంది, మొటిమల చర్మానికి అసలే పడదు. జిడ్డులేని మాయిశ్చరైజర్ రాసి పది నిమిషాలు ఆగండి. ఆ పది నిమిషాల్లో జడ వేసుకోవచ్చు.

* ప్రైమరు మొహమంతా పులమక్కర్లేదు. బఠాణీ గింజంత తీసుకుని గుంతలున్న చోట నొక్కుతూ పట్టించండి.

* ఫౌండేషన్ ముందు చేతి వెనక వేసుకోండి. స్పాంజిని నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, దాంతో కొంచెం కొంచెం అద్దండి. రుద్దితే గుంతల్లో గీతలు పడతాయి. ఒక పూత వేశాక అయిదు నిమిషాలు ఆగి, అవసరమైన చోట మాత్రమే రెండోది.

* పౌడరు ముక్కు, నుదురు, గడ్డం మీద చాలు. గుంతలున్న బుగ్గల మీద తక్కువ. మిలమిల మెరిసే హైలైటరు అక్కడ అసలు వద్దు.

* చెమట పడితే ముందు టిష్యూతో అద్ది తీయండి, ఆ తర్వాతే పౌడరు. చెమట మీద పౌడరు వేస్తే ముద్దలు కడుతుంది.

చివరగా ఒక పరీక్ష. ఫోన్ టార్చి మొహానికి పక్కగా పెట్టి అద్దంలో చూసుకోండి. వీడియో లైటు కింద ఎలా ఉంటుందో ముందే తెలిసిపోతుంది.

ఆ చిన్న డబ్బా ముట్టుకోకండి

పెళ్లి కుదరగానే ఎవరో ఒకరు చెవిలో వేస్తారు... "ఈ క్రీము రాయమ్మా, వారంలో మొహం అద్దంలా అయిపోతాది" అని. ఆ మాట వినకండి.

వారంలో మొహం తెల్లబడిందంటే అందులో స్టెరాయిడో, పాదరసమో ఉండొచ్చు. స్టెరాయిడ్ క్రీము మొదట్లో నున్నగా చేస్తుంది. నెలల తరబడి వాడితే చర్మం పల్చబడి ఎర్రబారుతుంది, మొటిమలు పెరుగుతాయి, మానేస్తే మంట మొదలవుతుంది. ఇలాంటి 14 రకాల పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే చెప్పింది.

పాదరసం సంగతి ఇంకా ఘోరం. చర్మం గుండా లోపలికి పోయి కిడ్నీల్ని దెబ్బతీస్తుంది. కేరళలోని కోట్టక్కల్‌లో 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు మెంబ్రేనస్ నెఫ్రోపతి అనే కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని వైద్యులు పరిశీలించారు. వారిలో 15 మందికి నెల్-1 అనే ప్రొటీనుతో ముడిపడిన రకం ఉందని తేలింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లే.

ఉద్దానం కిడ్నీ జబ్బుకి క్రీములే కారణమని ఎవరూ అనడం లేదు. ఏళ్లుగా పరిశోధిస్తున్నా ఇక్కడి జబ్బుకి మూలం ఇదీ అని ఒక్కమాటలో తేలలేదు. కానీ కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో క్రియాటినిన్ అనే మాట తెలియని ఇల్లుండదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయంటే బాధ ఎంతుందో చెప్పక్కర్లేదు. అలాంటి గడ్డ మీద, తెలిసి తెలిసి కిడ్నీకి ఇంకో బరువు ఎందుకు?

తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేని డబ్బా కొనకండి. మెర్క్యూరీ, కేలోమెల్ అనే మాటలు కనిపిస్తే అక్కడే వదిలేయండి. ఇప్పటికే వాడుతుంటే ఆపి, ఆ డబ్బా పట్టుకునే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పొద్దున్న లేచేసరికి కళ్ల కింద వాపు, కాళ్ల వాపు, మూత్రంలో నురగ కనిపిస్తే దాన్ని మేకప్‌తో దాచకండి. మూత్ర పరీక్ష, రక్త పరీక్ష చేయించుకోండి.

అమ్మ మొహం కూడా...

పెళ్లి హడావుడిలో అందరూ మరిచిపోయేది పెళ్లికూతురి అమ్మని. ఇక్కడ కొన్ని ఇళ్లలో ఆ అమ్మ డయాలసిస్ చేయించుకుంటూ ఉంటుంది. చర్మం ఎండిపోయి, పొట్టు లేస్తూ, దురదగా ఉంటుంది. ఆమెకి పౌడరు వద్దు. వాసన లేని మాయిశ్చరైజర్ రెండుసార్లు రాసి, పల్చగా ఫౌండేషన్ అద్ది, కాస్త క్రీము బ్లష్ వేస్తే చాలు, మొహానికి కళ వస్తుంది. ఫిస్టులా ఉన్న చేతికి మాత్రం బిగుతు గాజులు తొడగకండి. అన్నీ రెండో చేతికే వేయండి. చూసేవాళ్లు ఏమనుకున్నా ఫర్వాలేదు.

ఇన్ని చెప్పాక ఒక మాట. పెళ్లికూతురికి దిష్టి తగలకూడదని బుగ్గన నల్లచుక్క పెట్టేది మనమే. ఏ మచ్చా లేని మొహానికి మచ్చ పెట్టి మురిసిపోయేవాళ్లం, ఉన్న రెండు మచ్చలకి అంత భయపడాలా? పల్చగా అద్దండి, మిగతాది నవ్వుకి వదిలేయండి.