చలికొండల్లో వేన్నీళ్ల బుగ్గలు!

"పొయ్యి లేదు, గీజరు లేదు... ఇంత వేడినీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయే అమ్మాయ్?"

నడుం లోతు నీళ్లలో చతికిలబడి మా అత్తయ్య అడిగిన ప్రశ్న ఇది. చుట్టూ గోడ, పైన ఆకాశం. గోడ అవతల దేవదారు చెట్లు, మంచు కొండలు. గట్టు మీద స్వెట్టర్లూ, శాలువలూ కుప్పలుగా పడున్నాయి. అది హిమాచల్ ప్రదేశ్‌లో, మనాలికి 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న వశిష్ఠ్ గ్రామం. అక్కడి గుడి ఆవరణలో ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేర్వేరుగా వేడినీటి గుండాలున్నాయి.

మాది నందిగామ పక్కన వీరులపాడు. మనాలి అంటే హనీమూన్ జంటలూ, కాలేజీ పిల్లలూ వెళ్లే చోటనే అనుకునేదాన్ని. పత్తి తీతలూ, మిరప కోతలూ చేసి మోకాళ్లు అరిగిన అత్తయ్య, తోడికోడలు, ఇంజినీరింగ్ చదివే మా అమ్మాయి, నేను... మగతోడు లేకుండా నలుగురం బయల్దేరతామని కలలో కూడా అనుకోలేదు. చీటీ పాడిన డబ్బు చేతిలో ఉంది, దసరా సెలవులొచ్చాయి. "పత్తి తీత మొదలయ్యేలోపు వెళ్లొద్దాం" అని తోడికోడలు పట్టుబట్టింది.

అందరూ సరేనన్నారు. వద్దన్నది నేనొక్కదాన్నే!

నా భయం నాది

ఎందుకో చెబుతాను. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు మండి జిల్లా తలోట్ దగ్గర బియాస్ నదిలో ఫొటోల కోసం దిగారు. పైన లార్జి ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. చూస్తుండగానే ఏరు ఉప్పొంగింది. 24 మంది విద్యార్థులు, వాళ్లతో వెళ్లిన టూర్ మనిషి ఒకరు కొట్టుకుపోయారు. సరైన హెచ్చరిక లేదని తర్వాత పెద్ద గొడవే అయింది. పరిహారం ఇవ్వాలని 2016లో అక్కడి హైకోర్టు ఆదేశించింది కూడా. ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చుని ఏడవని తల్లి లేదు. అప్పటినుంచీ 'మనాలి' అంటే నా గుండె ఝల్లుమనేది.

"మున్నేరు ఒడ్డున పుట్టి పెరిగావు, నీకు ఏటి సంగతి చెప్పాలా? ఏటికి భయపడటం వేరు, ఏటిని తెలుసుకోవటం వేరు" అంది అత్తయ్య. నిజమే. 2023 జులైలో బియాస్ వరద కులూ, మనాలి రోడ్లను తుడిచిపెట్టింది. అదే నెలాఖరులో మన ఐతవరం దగ్గర మున్నేరు నీళ్లు హైవే మీదికొచ్చి హైదరాబాద్, విజయవాడ బస్సులు ఆగిపోయాయి. అలాగని మనం మున్నేరు దాటటం మానేశామా? వానాకాలంలో జాగ్రత్తగా ఉంటాం, అంతే.

అలా బయల్దేరాం. విజయవాడ నుంచి ఢిల్లీకి రైల్లో రోజుకి పైనే పట్టింది. అక్కణ్ణించి రాత్రి బస్సు. తెల్లవారి కళ్లు తెరిచేసరికి రోడ్డు పక్కనే బియాస్! పచ్చగా, నురగలు కక్కుతూ పరుగెడుతోంది. అమ్మాయి కిటికీకి అతుక్కుపోయింది. నేను మాత్రం దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

నది కట్లు విప్పిందట!

మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు. మనువు పేరు మీదే ఊరికి ఆ పేరొచ్చిందంటారు. 1553లో కట్టిన హిడింబ గుడి అక్కడే ఉంది. చెక్కతో కట్టారు, గోపురం అంతస్తులంతస్తులుగా ఉంటుంది. "మన ఘటోత్కచుడి తల్లేనా?" అని తోడికోడలు ఎంత ముచ్చటపడిందో! మనం రాక్షసి అనుకునే హిడింబి అక్కడివాళ్లకు ఇంటి దేవత.

వశిష్ఠుడి కథ ఇంకా బాగుంది. కొడుకుల్ని పోగొట్టుకున్న దుఃఖంలో వశిష్ఠ మహర్షి తాళ్లతో కట్టేసుకుని నదిలో దూకాడట. నది ఆయన కట్లు విప్పి ఒడ్డుకు చేర్చింది. అందుకే దానికి విపాశ అని పేరు. ఇప్పటి బియాస్ అదే. కథ వినగానే నాకు ఆ 24 మంది తల్లులు గుర్తొచ్చారు. కాసేపు మాట రాలేదు.

ఇక అత్తయ్య ప్రశ్నకు మా అమ్మాయి చెప్పిన జవాబు: వాననీళ్లూ, కరిగిన మంచునీళ్లూ రాళ్ల పగుళ్లలోంచి భూమిలోకి చాలా లోతుకు దిగుతాయి. లోతుకు వెళ్లేకొద్దీ భూమిలో వేడి పెరుగుతుంది. కిలోమీటరుకు ఇంచుమించు 25 నుంచి 30 డిగ్రీలు. కాగిన ఆ నీళ్లు మరో పగులు దొరగ్గానే పైకి తన్నుకొస్తాయి. దార్లో గంధకంలాంటివి కలుపుకుంటాయి. "అందుకేనా ఈ దీపావళి మందు వాసన!" అంది అత్తయ్య. పది నిమిషాలు కాగానే బలవంతంగా బయటికి తీసుకొచ్చాం. మోకాళ్ల నొప్పులు పోయాయో లేదో గానీ, ఆ రాత్రి ఆవిడ హాయిగా నిద్రపోయింది.

వశిష్ఠ్ నుంచే కొండదారిలో జోగిని జలపాతానికి నడిచి వెళ్లొచ్చు. జోగిని అనగానే మనకు వేరే సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది కదా! అక్కడ ఆ పేరు యోగిని అమ్మవార్లది. అత్తయ్య సగం దారిలో టీ కొట్టు దగ్గర ఆగిపోయింది. మేం ముగ్గురం వెళ్లి, తుంపర్లు పడేంత దూరంలో నిలబడి చూశాం.

మరో రోజు మణికరణ్. మనాలి నుంచి సుమారు 80 కిలోమీటర్లు. పార్వతీ నది పక్కనే నీళ్లు కుతకుతా మరుగుతుంటాయి. వేడి 90 డిగ్రీల పైమాటే! బియ్యం మూటకట్టి అందులో దించితే అన్నం అయిపోతుంది. గురుద్వారాలో లంగరు భోజనానికి కూడా ఆ నీళ్లలో వండుతారు. గ్యాసు బండ ఖర్చు లేదని మేం తెగ నవ్వుకున్నాం.

ఎగరాలా, వద్దా?

అసలు పరీక్ష సోలంగ్ లోయలో ఎదురైంది. పారాగ్లైడింగ్ చేస్తానంది అమ్మాయి. 2024 ఫిబ్రవరిలో కులూ దగ్గర డోభీలో తెలంగాణ అమ్మాయి ఒకరు ఇలాగే ఎగురుతూ పడి చనిపోయింది. బెల్టు సరిగ్గా బిగించలేదని ప్రాథమిక విచారణలో తేలింది. నేను ససేమిరా అన్నాను.

"మనవడైతే పంపేదానివి కాదూ?" అంది అత్తయ్య నెమ్మదిగా.

నా దగ్గర జవాబు లేదు. అందుకే ప్రశ్నలు మొదలుపెట్టాను. "రిజిస్ట్రేషన్ కార్డు చూపించు" అంటే మొదటి పైలట్ విసుక్కున్నాడు. దండం పెట్టి వచ్చేశాం. రెండో అతను కార్డు చూపించాడు. గాలి నెమ్మదించేదాకా ఆగుదామన్నాడు. హెల్మెట్టు పెట్టి, ఒక్కో బెల్టూ బిగించి, నన్ను కూడా లాగి చూడమన్నాడు. అప్పుడు తలూపాను.

అది గాల్లో ఉన్నంతసేపూ నేను ఎన్ని దేవుళ్లకు మొక్కుకున్నానో! దిగాక నవ్వుతూ పరిగెత్తుకొచ్చింది. నేను ఏడ్చాను. అత్తయ్య మాత్రం "నాకు అరవై దాటాయని ఒప్పుకోరేమో గానీ..." అని నవ్వింది.

బియాస్‌లో మాత్రం ఎవ్వరం దిగలేదు. ఫొటోలన్నీ గట్టు మీదే. ఆ మాటకి మా అమ్మాయి ఎదురు చెప్పలేదు. గాల్లోకి పంపిన అమ్మ నీళ్లలోకి వద్దంటే కారణం ఉంటుందని దానికి అర్థమైంది.

పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టటం మన చేతిలో పని. కానీ అడగాల్సినవి అడిగి, చూడాల్సినవి చూసి పంపిస్తే, రేపు మనం పక్కన లేనప్పుడు వాళ్లే అడుగుతారు. ఏమంటారు?

మీరూ వెళ్తారా?

* జులై, ఆగస్టుల్లో వద్దు. కొండచరియలు, వరదలు వస్తాయి. వానాకాలంలో జులై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు పారాగ్లైడింగ్‌ నిషేధం.

* ఏరు నెమ్మదిగా కనిపించినా దిగొద్దు. పైన డ్యాములుంటాయి, నీరు ఒక్కసారిగా పెరుగుతుంది.

* వేడినీటి గుండంలో పది నిమిషాలు చాలు. గర్భిణులు, బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగందే దిగొద్దు. మణికరణ్‌లో మరిగే గుండాల దగ్గర చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు.

* రోహ్‌తంగ్ కనుమ ఎత్తు 3,978 మీటర్లు. బండికి ముందుగా పర్మిట్ కావాలి. ఆయాసం వచ్చేవాళ్లు ఆలోచించుకుని వెళ్లాలి. 2020లో తెరిచిన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం గుండా లాహౌల్ చూసి రావచ్చు.

* మన దసరా అయిపోయే విజయదశమి నాడే కులూ దసరా మొదలవుతుంది. ఏడు రోజుల ఉత్సవం. అప్పుడు వెళ్తే గది ముందే మాట్లాడుకోండి.

* అంతదూరం వీలుకాదా? భద్రాచలం వెళ్లినప్పుడు దగ్గర్లోని గుండాల చూడండి. గోదావరి ఇసుకలో చెలమ తవ్వితే వేన్నీళ్లు ఊరతాయి!