ఎవే యువజనుల వాద్యబృందము

ఆఫ్రికాఖండపు డోళ్లనగానే మనలో పెక్కుమంది క్రమములేని కోలాహలమని తలంతురు. ఆ తలంపు ఎంత పొరపాటో ఒక్క ఉదాహరణముచే విశదపరుపగోరుచున్నాను.

గానాదేశపు ఆగ్నేయభాగమున సముద్రతీరమునందును, దాని నానుకొనియున్న టోగోదేశపు దక్షిణభాగమునందును ఎవే యను జనులు నివసించుచున్నారు. వారు సంఘములుగా గూడి వాద్యములు, పాటలు, నృత్యములు నేర్చి ప్రదర్శించుట ఆచారము. అట్టి సంఘమును వారి భాషలో హబోబో అందురు. వారి నృత్యములలో మిక్కిలి ప్రసిద్ధమైనది అగ్‌బాడ్జా. ఇది పూర్వపు యుద్ధనృత్యమునుండి పుట్టి, నేడు ఉత్సవములందును, అంత్యక్రియలందును ఎల్లరు పాల్గొను నృత్యమైనది.

దీనికి ముఖ్యవాద్యము లైదు. గాంకోగ్వి యనునది ఇనుపరేకుతో చేసిన జంటగంట. దానిని పుల్లతో కొట్టుదురు. అహాత్సే యనునది పూసలవల తొడిగిన సొరబుఱ్ఱ. కాగాను, కిది, సోగో అనునవి క్రమముగా చిన్నది, నడిమిది, పెద్దది యగు డోళ్లు. పీపాలవలె చెక్కపలకలను ఇనుపకట్లతో బిగించి వీనిని చేయుదురు. పైచర్మమును పట్టియుంచు కొయ్యమేకులను దిగగొట్టి శ్రుతి సవరింతురు.

ఇక లయమాట. పన్నెండు మాత్రలను సమముగా లెక్కింపుడు. ఒకటి, మూడు, ఐదు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు అను మాత్రలయందు చేయి తట్టుడు. ఈ యేడు దెబ్బలే గంట పట్టినవాని పాఠము. నృత్యము ముగియువరకు అది మారదు. ఇప్పుడు ఒకటి, నాలుగు, ఏడు, పది మాత్రలయందు పాదము మోపుడు. చేయియు పాదమును ఒకటవ మాత్రయందును పదవ మాత్రయందును మాత్రమే కలియును. తక్కినచోట్ల దేనిత్రోవ దానిది. కాగాను దెబ్బలు పాదమునకు పాదమునకు నడుమనున్న రెండేసి మాత్రలయందు పడును. పాదము మోపినచోట పడవు. సోగో నాయకవాద్యము, అది పలికించినదానికి కిది బదులు చెప్పును.

వేరువేరుగా జూచిన కాగాను పాఠము బాలుడైనను ఒక్క పూటలో పట్టుకొనగలడు. కాని నలుగురి నడుమ దానిని నిలుపుట కష్టము. ప్రక్కవాని దెబ్బకు లోబడినచో తన పాఠము చెడును. ప్రక్కవానిని వినకున్నచో అందరి లయ చెడును. తనది విడువక ఇతరులను వినుటయే ఈ విద్య. దీనిని గ్రంథములు చూచి నేర్వరు. పిల్లలు పెద్దల చెంత నిలిచి వినుచు, మన మృదంగ విద్యార్థులు జతులు చెప్పినట్లే, డోలుపలుకులను నోట వల్లించి చేతికి తెచ్చుకొందురు.

సంఘబంధము వాద్యముతోనే ముగియదు. సభ్యుని యింట మరణము సంభవించినపుడు తోడివారు ధనసహాయము చేసి, వాద్యములతో వచ్చి నిలుతురు. బ్రతుకుతెరువునకై రాజధానియగు అక్రానగరమునకు వలసవచ్చిన ఎవేలు అచ్చటను ఇట్టి సంఘములు కట్టుకొనిరి. ఊరు విడిచినవారికి ఊరి ఆదరణ ఆ విధముగా దొరకినది.

ఈ విద్యకు ఆపద రాకపోలేదు. 1847లో ఎవేలలో పని ప్రారంభించిన జర్మను మిషనరీలు తమ మతము స్వీకరించినవారిని డోలునకు దూరముగా నుంచిరి. చదువుకొన్నవాడు డోలు ముట్టుట తక్కువతనమను భావము దానివలన ప్రబలెను. ఆ భావము నెదిరించినవారిలో ఫిలిప్ గ్బేహో ముఖ్యుడు. ఆయన ఎవే, అచిమోట కళాశాలలో సంగీతోపాధ్యాయుడు. పాశ్చాత్య సంగీతమున ప్రవీణుడయ్యును తన జనుల వాద్యములకు గౌరవము చేకూర్ప పాటుపడెను. 1957లో గానా స్వతంత్రమైనపుడు జాతీయగీతమునకు స్వరము కూర్చినవాడును ఆయనయే. పిమ్మట 1962లో గానా విశ్వవిద్యాలయమున జాతీయ నృత్యబృందము వెలసెను. పల్లెల నృత్యములు రంగస్థల మెక్కెను.

రంగస్థలము మంచిదే. అయినను అచ్చట కొందరు వాయింతురు, తక్కినవారు కూర్చుండి చూతురు. పల్లెలోనన్ననో చూచువాడే మరుక్షణమున పాడును, ఆడును. పసివాడు ప్రక్కనే నిలిచి నేర్చుకొనును. ఆ ప్రక్కచోటు పోయినచో వాద్యములు మిగిలినను విద్య మిగులదు.

పెద్దలారా! మీ మనుమలను మువ్వురిని కూర్చుండబెట్టుడు. ఒకడు గంటదెబ్బలు, ఒకడు పాదతాళము, ఒకడు నడిమి దెబ్బలు పట్టవలెను. మొదట తడబడుదురు. పిదప ముగ్గురు నొకరినొకరు వినుట నేర్చిన క్షణమున లయ తానై నిలుచును. ఎవే పల్లెలలో పెద్దలు పిల్లల కప్పగించునది ఆ క్షణమునే.