కొవ్వొత్తి మధ్యలో గుంట ఎందుకు పడుతుంది? వత్తి ఎట్లా ఎంచుకోవాలి?

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఇంట్లో క్యాండిల్స్ చేసి అమ్ముదామనుకుంటున్న వాళ్ల కోసం ఈ ఎపిసోడ్. దీపావళి ఉంది, ఆ వెంటనే క్రిస్మస్. ఎల్లారెడ్డి దాటితే మెదక్ జిల్లానే కదా, 1924 డిసెంబర్ 25న మొదలైన మెదక్ చర్చికి పండగప్పుడు ఎంత జనం వస్తారో మీకు చెప్పక్కర్లేదు. మైనం దొరుకుతుంది, అచ్చులు ఫోన్‌లో ఆర్డర్ పెడితే వస్తాయి. అయినా మొదటి బ్యాచ్ చాలామందికి ఒకేలా పాడవుతుంది. మధ్యలో బావిలాగా గుంట పడుతుంది, చుట్టూ మైనం అట్లనే మిగిలిపోతుంది, మంట ఆరిపోతుంది. మైనం మంచిది కాదని షాపువాళ్లను తిడతాం. ఎక్కువసార్లు తేడా వత్తిలోనే ఉంటుంది.

కొవ్వొత్తిలో అసలు కాలేది వత్తి కాదు, మైనం ఆవిరి. మంట వేడికి మైనం కరిగి, దారాల సందుల్లోంచి పైకి ఎక్కి, ఆవిరై మండుతుంది. అంటే వత్తి మన బోరు పైపు లాంటిది. పైపు సన్నగా ఉంటే మడి చివరిదాకా నీళ్లు పారవు. మరీ లావైతే ఒడ్డు తెగుతుంది.

మరి దేవుడి దగ్గర పెట్టే దూది వత్తి వాడొచ్చా? వద్దు. దీపంలో వత్తి కాలినకొద్దీ మనం వేలితో ముందుకు జరుపుతాం. కొవ్వొత్తిలో జరిపేవాళ్లు లేరు. మైనం కిందికి దిగుతుంటే వత్తి కొస తనంతట తానే కాలిపోవాలి. అందుకే జడలాగా అల్లిన నూలు వత్తి కావాలి. అల్లిక వల్ల కొస పక్కకు వంగి, గాలి బాగా తగిలే మంట అంచుకు చేరి బూడిదవుతుంది. 1820లలో ఫ్రాన్స్‌లో కాంబసెరె అనే ఆయన ఈ అల్లిక తెచ్చారు. అంతకుముందు కత్తెర పట్టుకుని మాటిమాటికీ కొస కత్తిరించాల్సి వచ్చేది. అప్పట్లో మైనం బదులు జంతువుల కొవ్వు కూడా వాడేవారు, మన ‘కొవ్వొత్తి’ మాటలో అది ఇంకా ఉంది చూడండి.

కుట్టు మిషన్ దారం కూడా వద్దు. ఇప్పుడు చాలావరకు పాలిస్టరే. అనుమానం ఉంటే ఒక ముక్క కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టరైతే ముడుచుకుపోయి గట్టి పూసలా అవుతుంది.

ఇప్పుడు సైజు. కొవ్వొత్తి ఎంత ఎత్తుందన్నది లెక్క కాదు, ఎంత వెడల్పుందన్నదే లెక్క. వత్తి ప్యాకెట్ మీద ఎంత వెడల్పు గ్లాసుకు సరిపోతుందో చాలావరకు రాసి ఉంటుంది. దాన్ని నమ్మి వంద ముక్కలు కొనకండి. ఆ సైజు ఒకటి, దానికంటే చిన్నది ఒకటి, పెద్దది ఒకటి తీసుకోండి. ఒకే రకం గ్లాసులు మూడు, అదే మైనం, అదే సెంటు. సెంటు, రంగు మారితే వత్తి లెక్క కూడా మారుతుంది. తేనె మైనం చిక్కగా ఉంటుంది కాబట్టి పారఫిన్‌కు సరిపోయిన వత్తి దానికి చాలదు.

వత్తిని ముందు కరిగిన మైనంలో ముంచి, బుడగలు ఆగాక తీసి, నిటారుగా ఆరబెట్టండి. పోసి, గడ్డకట్టాక ఒక రోజు ఆగి, కొస అర సెంటీమీటర్‌కు కత్తిరించి, గాలి కొట్టని చోట వెలిగించండి. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పుకు గంట చొప్పున లెక్క. ఏడున్నర ఉంటే మూడు గంటల్లో కరిగిన మైనం దాదాపు అంచు చేరాలి. చాలా దూరంలో ఆగిపోతే వత్తి చిన్నది. గంటలోపే అంచు తాకి, మంట ఊగుతూ నల్లటి పొగ వస్తే పెద్దది. కొస మీద పుట్టగొడుగులా నల్ల ముద్ద కట్టినా దాదాపు అదే అర్థం. గ్లాసు మరీ వెడల్పుగా ఉంటే ఒక లావు వత్తి కంటే రెండు సన్నవి మేలు.

ఒక్కసారి కాల్చి తీర్పు చెప్పకండి. మొదటిసారి అంచున సన్నగా మైనం మిగిలితే కంగారు వద్దు, మంట కిందికి దిగేకొద్దీ గ్లాసు వేడెక్కి అది కూడా కరుగుతుంది. అసలు ప్రమాదం అడుగునే ఉంది. పైన మంచిగ కాలిన లావు వత్తి, అడుగుకు వచ్చేసరికి గ్లాసును పగలగొట్టొచ్చు. కొన్నవాళ్ల ఇంట్లో అది టీవీ పక్కనో, కర్టెన్ కిందో ఉంటుంది. అందుకే మూడింటినీ చివరిదాకా, మీరు పక్కనే ఉండి, స్టీలు ప్లేటులో పెట్టి కాల్చండి. మంట పెద్దదైతే నీళ్లు పోయొద్దు, మూత పెట్టండి. అడుగున సెంటీమీటర్ మైనం మిగిలినప్పుడు ఆర్పేసి, గ్లాసు బయటివైపు ఎంత వేడిగా ఉందో చెయ్యి దగ్గరపెట్టి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే, మంట ఎంత అందంగా ఉన్నా సరే, ఆ సైజు వదిలేసి చిన్నదానికి దిగండి.