సివిల్ దావా నడిపే వకీలు – మన పిల్లల్లో ఎందరు?



ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే తల్లిదండ్రులు నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, పిల్లవాడిని ఏం చదివించమంటారు?" అని అడుగుతారు. డాక్టరు, ఇంజనీరు, ఫార్మసీ, లేదంటే గల్ఫ్‌లో ఏదైనా పని వచ్చే కోర్సు అంటారు. నా ఉద్యోగ జీవితంలో "లాయరు చదివిస్తాను" అన్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. లాయరు అనగానే మనకు పోలీసు స్టేషను, బెయిలు, జైలు గుర్తుకొస్తాయి. కానీ ఇల్లు, పొలం, వారసత్వం, మెహర్, మసీదు స్థలం, రొయ్యల చెరువు లీజు, పోర్టు కోసం తీసుకున్న భూమికి పరిహారం వంటివన్నీ సివిల్ తగాదాలు. ఇందులో జైలు ఉండదు గానీ ఓడితే ఒక కుటుంబం మూడు తరాల సంపాదన పోతుంది. ఆ దావాను కింది కోర్టులో మొదటి నుంచి చివరి దాకా నడిపే న్యాయవాది పని ఎలా ఉంటుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన జిల్లా బిడ్డ

ఈ వృత్తి పెద్దింటి పిల్లలకే అనుకోనక్కరలేదు. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు 1883లో అప్పటి నెల్లూరు జిల్లా పుదూరు గ్రామంలో ఒక పూజారి ఇంట పుట్టారు. మద్రాసులో చదివి, న్యాయవాదిగా ఎదిగి, 1929 నుంచి 1944 వరకు మద్రాసు రాష్ట్రానికి అడ్వొకేట్ జనరల్‌గా పనిచేశారు. 1947 ఆగస్టు 29న ఏర్పడిన రాజ్యాంగ ముసాయిదా సంఘంలోని ఏడుగురిలో ఆయన ఒకరు. ఆ బల్ల దగ్గరే అస్సాం నుంచి వచ్చిన మరో న్యాయవాది సయ్యద్ ముహమ్మద్ సాదుల్లా గారూ కూర్చున్నారు. అధ్యక్షులు డాక్టర్ అంబేడ్కర్ గారు కూడా బారిస్టరే. దేశానికి చట్టం రాసిన చోట వకీళ్లే ఎక్కువ మంది ఉన్నారని పిల్లలకు చెబుతుంటాను.

దావా నడిచే దారి

సివిల్ కేసులో ఆరోపణ చేసినవారు వాది, ఎదుటివారు ప్రతివాది. వాది తన కథను, కోరికను రాసి కోర్టు రుసుము కట్టి దావా వేస్తారు. ప్రతివాదికి సమన్లు వస్తాయి. అవి అందిన 30 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలి. కోర్టు అనుమతిస్తే 90 రోజుల వరకు గడువు దొరుకుతుంది. రెండు కథలనూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ తేడా ఉందో ఆ అంశాలను జడ్జిగారు నిర్ణయిస్తారు. తరువాత సాక్ష్యం, అడ్డుప్రశ్నలు, వాదనలు, తీర్పు, డిక్రీ. డిక్రీ వచ్చినా ఎదుటివారు ఖాళీ చేయకపోతే అమలు కోసం మళ్లీ పిటిషను వేయాలి. దానికి 12 ఏళ్ల గడువుంది.

అమెరికాలో సివిల్ కేసులను కూడా జ్యూరీ ముందు వాదించే పద్ధతి ఉంది. మన దగ్గర జ్యూరీ లేదు. వినేది ఒక్క జడ్జిగారే, ఆయన ముందు మాట్లాడేవి ముఖ్యంగా కాగితాలు. అందుకే మంచి సివిల్ వకీలు పని ఎక్కువ భాగం కోర్టు హాలు బయటే జరుగుతుంది. లింకు డాక్యుమెంట్లు చదవడం, ఈసీ తీయించడం, అడంగల్‌లో ఏ ఏడాది ఎవరి పేరుందో చూడడం, స్థలానికి వెళ్లి హద్దులు నడవడం, ఏ కట్ట ఎవరు వేశారో ముసలివాళ్లను అడగడం. సినిమాల్లో కనిపించే గొంతు పెంచడం ఇందులో చాలా తక్కువ.

పునాది కింది కోర్టులోనే

కింది కోర్టు పోతే పైకోర్టు ఉందిలే అని మనవాళ్లు అంటుంటారు. ఇది ప్రమాదకరమైన మాట. కింది కోర్టులో పెట్టని సాక్ష్యాన్ని అప్పీలులో కొత్తగా పెట్టడానికి చట్టం చాలా అరుదుగా ఒప్పుకుంటుంది. పైకోర్టులు చూసేది కింది కోర్టులో తయారైన రికార్డునే.

మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసు చూడండి. 1968 ఫిబ్రవరిలో ఒక తండ్రి తన కుమారుల్లో ఒకరికి ఆస్తిని హిబాగా ఇచ్చి కాగితం రాశారు. రిజిస్టరు చేయించలేదు. అదే ఏడాది డిసెంబరులో ఆయన కన్నుమూశారు. మిగతావారు భాగం కోరుతూ దావా వేశారు. హిబా రుజువైంది, స్వాధీనం కూడా జరిగిందని విచారణ కోర్టు చెప్పింది. రిజిస్టరు కాని కాగితం చెల్లదని హైకోర్టు దానిని తిప్పేసింది. చివరకు 2011 మే 6న సుప్రీంకోర్టు విచారణ కోర్టు తీర్పునే నిలబెట్టింది. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం చేయడం – ఈ మూడూ రుజువైతే ముస్లింల హిబాకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని తేల్చింది. నలభై మూడేళ్ల తరువాత ఆ కుటుంబాన్ని నిలబెట్టింది కింది కోర్టులో ఎవరో ఓపికగా పెట్టిన సాక్ష్యం.

దీన్ని చూసి రిజిస్ట్రేషను అక్కరలేదని అనుకోకండి. రిజిస్టరు చేయించి ఉంటే ఆ తగాదాలో సగం పుట్టేదే కాదేమో.

నా తప్పు ఒకటి

ఇదే హిబా సంగతి మా ఇంట్లోనూ జరిగింది. మా ఖాలాకు పిల్లలు లేరు. ఖాలూ చనిపోవడానికి కొన్నేళ్ల ముందే ఇద్దరు పెద్దల ఎదుట ఇల్లు ఆమెకు ఇచ్చేశారు. కాగితం లేదు. ఆయన పోయాక ఆయన తమ్ముడు భాగం కోసం దావా వేశారు. హిబా లేకపోతే షరియత్ ప్రకారం పిల్లలు లేని భార్యకు నాలుగో వంతే వస్తుంది. సమన్లు వచ్చిన రోజు ఖాలా ఆ కాగితం పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. "చదువుకున్నవాడివి, ఏం చేయాలో చెప్పు బేటా" అన్నది. "పండుగ అయ్యాక చూద్దాంలే ఖాలా, వాయిదాలు ఎన్నో ఉంటాయి" అన్నాను. బీఈడీ చదివిన మనిషిని, సమన్ల మీద తేదీ కూడా సరిగా చూడలేదు. ఆ తరువాత నేను మరిచిపోయాను, ఆమె నన్ను నమ్మి ఊరుకుంది. ఏకపక్ష డిక్రీ వచ్చింది.

ఒక యువ న్యాయవాది మమ్మల్ని కాపాడాడు. అలాంటి డిక్రీని రద్దు చేయమని 30 రోజుల్లో అడగవచ్చని చెప్పి, గడువు ఇంకా వారం ఉందనగా పిటిషను వేశాడు. కోర్టు ఖర్చులు కట్టించుకొని కేసును తిరిగి తెరిచింది. తరువాత ఆయన ఖాలాను అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, ముందు గది అద్దె ఎవరు తీసుకునేవారు?" అని. ఖాలూ బతికున్నప్పుడే అద్దె ఖాలా చేతికి వచ్చేదని, ఇంటి పన్ను రసీదులు కూడా ఆమె పేరుకు మారాయని అప్పుడు బయటపడింది. రసీదులు బియ్యం డబ్బా కింద దొరికాయి.

విచారణ రోజున నేను కోర్టులోనే ఉన్నాను. ఎదుటి పక్షం సాక్షిగా వచ్చిన కుర్రవాడు ఆ గదిలోనే దుకాణం పెట్టుకున్నవాడు. మా వకీలు మర్యాదగా, "మీ పెదనాన్న ఉండగా అద్దె ఎవరికి ఇచ్చేవారు బాబూ?" అని అడిగాడు. "పెద్దమ్మకే" అన్నాడు. ఇంకో ప్రశ్న వేయకుండా కూర్చున్నాడు మా వకీలు. ఎందుకు ఆపేశావని బయటకు వచ్చాక అడిగితే, "కావలసిన మాట వచ్చేసింది మాస్టారూ, ఇంకొకటి అడిగితే దాన్ని సర్దుకునే అవకాశం ఇచ్చినవాడినవుతాను" అన్నాడు. ఆ సాక్ష్యం తరువాత ఎదుటివారు రాజీకి వచ్చారు. లోక్ అదాలత్‌లో ఇల్లు ఖాలాకు, వెనుక ఖాళీ స్థలం వాళ్లకు అని తేలింది. లోక్ అదాలత్ తీర్పు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు రుసుము తిరిగి వస్తుంది. బంధుత్వం కూడా మిగిలింది. కానీ ఆ వెనుక స్థలం వైపు చూసినప్పుడల్లా నా మాట నాకు గుర్తుకొస్తుంది.

వక్ఫ్ ఆస్తుల సంగతి

హైదరాబాదు దగ్గర మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు సంబంధించిన 1,654 ఎకరాల కేసు మీరు వినే ఉంటారు. 1989 గెజిట్‌లో కొద్ది స్థలమే ఉంది. 2006లో సవరణ నోటిఫికేషనుతో ఆ భూమినంతా చేర్చారు. 2012లో హైకోర్టు వక్ఫ్ బోర్డు పక్షాన తీర్పు ఇచ్చింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసి భూమి రాష్ట్ర ప్రభుత్వానిదేనన్నది. తీర్పు మనకు నచ్చినా నచ్చకపోయినా పాఠం ఒకటే. ఏ కాగితం ఏ సంవత్సరంలో, ఏ పద్ధతిలో తయారైందన్నదే కేసు.

ఇంకొక మార్పు. ఆక్రమణకు గురైన వక్ఫ్ ఆస్తిని తిరిగి రాబట్టే దావాలకు 1995 చట్టం కాలపరిమితి నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 సవరణ చట్టం ఆ మినహాయింపును తీసేసింది. స్వాధీనం కోరే దావాలకు సాధారణ గడువు 12 ఏళ్లు. కాబట్టి మసీదు, ఖబరస్తాన్ స్థలాల్లో ఎవరైనా గోడ కడితే 'తరువాత చూద్దాం' అనే వీలు ఇక లేదు. ఆ మాట ఖరీదు నాకు తెలుసు.

లాయరు కావాలంటే

ఇంటర్ తరువాత ఐదేళ్లు, లేదా డిగ్రీ తరువాత మూడేళ్లు లా చదవాలి. మన రాష్ట్రంలో ప్రవేశానికి లాసెట్ రాయాలి. నెల్లూరులోనే వి.ఆర్. లా కాలేజీ ఉంది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ పరీక్ష వేరు, విశాఖలో అలాంటిది ఒకటుంది. పట్టా వచ్చాక బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి, ఆలిండియా బార్ పరీక్ష పాసవాలి. నమోదు రుసుము చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించకూడదని, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలేనని 2024 జూలై 30న సుప్రీంకోర్టు చెప్పింది. సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న తీర్పు ఇచ్చింది.

కష్టమంతా మొదటి మూడు నాలుగేళ్లలోనే. సీనియర్ దగ్గర ఫైళ్లు మోస్తూ, వాయిదాలు రాసుకుంటూ పని నేర్చుకోవాలి. చేతికి వచ్చేది బస్సు ఛార్జీలకు సరిపోతే గొప్ప. పేదింటి పిల్లలు ఇక్కడే వదిలేసి దుకాణాల్లో లెక్కలు రాయడానికి పోతారు. నిలబడినవారికి మాత్రం నలభై దాటాక గౌరవం, ఆదాయం రెండూ వస్తాయి. ఒక మాట గుర్తుంచుకోండి: గెలిస్తే ఆస్తిలో ఇంత వాటా అని ఒప్పందం చేసుకోవడం మన బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. అమెరికాలో చాలా కేసులకు అది అనుమతించిన పద్ధతే, ఇక్కడ కాదు. అలా అడిగేవారికి దూరంగా ఉండండి.

దాతలకు మూడు మనవులు

ఒకటి. మన సొసైటీ ఉపకార వేతనాల్లో ఏటా ఒక్క సీటైనా లా విద్యార్థికి, వీలైతే ఆడపిల్లకు, కేటాయించండి. కాలేజీ ఫీజుతో ఆపకుండా, పట్టా వచ్చాక తొలి మూడేళ్లు నెలనెలా కొంత ఇవ్వండి. అసలు అవసరం అక్కడే.

రెండు. ప్రతి మసీదు కమిటీ తన స్థలాల కాగితాలన్నీ ఒకచోట చేర్చి, నకళ్లు తీయించి, ఒక న్యాయవాదికి చూపించేలా ప్రోత్సహించండి.

మూడు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 1987 చట్టం ఇచ్చిన హక్కు ఇది. ఫోన్ నంబరు 15100. మీరు సాయం చేసే ప్రతి వితంతువుకూ రేషన్ సరుకులతో పాటు ఈ నంబరు కూడా రాసివ్వండి.

ఖాలా ఇప్పుడు రసీదులను బియ్యం డబ్బా కింద పెట్టడం లేదు. వాటికి ఒక ఫైలు కొనిచ్చాను. మీరు కూడా ఈ సంచిక పక్కన పెట్టాక ఒకసారి బీరువా తెరిచి, మీ ఇంటి కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో చూసుకోండి.