తెరకు తగిన బొమ్మ

సింగపూర్ పాఠశాలల్లో తమిళాన్ని మాతృభాషగా చదువుకోవచ్చు. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలకూ ఆ వీలుంది, తెలుగుకు లేదు. అందుచేత అక్కడి తెలుగు పిల్లలు అక్షరాలు నేర్చుకునేది ఇంట్లోనో, వారాంతపు తరగతుల్లోనో. పలకకు బదులు హాలులోని టీవీకి ల్యాప్‌టాప్‌ను తగిలించడం ఇప్పుడు మామూలే. ఆ తెర మీద ‘ప’కూ ‘ఫ’కూ, ‘డ’కూ ‘ఢ’కూ మధ్య తేడా చూపేది అడుగున ఉండే ఒక చిన్న గీత. ఆ గీత అలుక్కుపోయినట్టు కనిపిస్తే, పిల్లవాడి చూపును అనుమానించే ముందు కంప్యూటరు పంపుతున్న బొమ్మ కొలతను చూడటం మంచిది.

పాత గాజుగొట్టపు మానిటర్లకు స్థిరమైన గళ్ళంటూ లేవు. ఎలక్ట్రాన్ పుంజం ఎన్ని గీతలు గీస్తే అన్ని గీతలు. ఏ రిజల్యూషన్‌నైనా దాదాపు ఒకే తీరుగా చూపేవి. ఎల్‌సీడీ, ఓఎల్ఈడీ తెరల్లో గళ్ళ సంఖ్య తయారీలోనే స్థిరపడిపోతుంది. 4కె టీవీకి అడ్డంగా 3840, నిలువుగా 2160. దానికి 1920×1080 బొమ్మ పంపితే ఒక్కొక్క చుక్కకు సరిగ్గా నాలుగు గళ్ళు దక్కుతాయి. 2560×1440 పంపితే ఏ దిశలోనైనా చుక్కకు ఒకటిన్నర గడి. అర గడి అనేది లేదు కనుక పక్క చుక్కల రంగులు కలిపి టీవీ సర్దుబాటు చేసుకుంటుంది. ముఖాల విషయంలో ఇది పెద్దగా తెలియదు. అక్షరాల్లో ముందుగా నష్టపోయేవి సన్నని గీతలే, అంటే మన ఒత్తులూ గుడులూ.

కొలత సరిపోయినా మరో రెండు చిక్కులుంటాయి. అంచులను కాస్త కోసి, మిగిలిన బొమ్మను సాగదీయడం టీవీలకు పాత అలవాటు. అది జరిగితే గళ్ళ లెక్క మళ్ళీ తప్పుతుంది. రంగుల వివరాన్ని తగ్గించి చూపడం రెండోది. నల్లని నేపథ్యం మీద ఎర్రటి అక్షరాలు పెడితే ఇది బయటపడుతుంది. చాలా టీవీల్లో ఆ ఇన్‌పుట్‌కు ‘పీసీ’ అని పేరు పెడితే రెండూ సర్దుకుంటాయి. పేరు మార్చితే బొమ్మ మారడం వింతే.

ఇక రిఫ్రెష్ రేట్. భారతదేశంలో లాగే సింగపూర్‌లోనూ విద్యుత్తు 50 హెర్ట్జ్. టీవీ కూడా ఆ లెక్కతోనే, పాల్ పద్ధతిలో పెరిగింది. 2019 ఆరంభంలో అనలాగ్ ప్రసారాలు ఆగిపోయినా 50 అనే లెక్క పోలేదు. కంప్యూటరుది సాధారణంగా 60. సినిమాది సెకనుకు 24 ఫ్రేములు. 60ని 24తో భాగిస్తే రెండున్నర. కనుక ఒక ఫ్రేము రెండుసార్లు, తరువాతిది మూడుసార్లు కనిపిస్తుంది. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే దృశ్యాల్లో కుదుపు అందువల్లనే. 120 హెర్ట్జ్ తెర మీద ప్రతి ఫ్రేముకూ సమంగా ఐదు వంతులు వస్తాయి. పాల్ పద్ధతిలో మాత్రం సినిమానే 25కు పరుగెత్తించేవారు. మూడు గంటల చిత్రం ఏడు నిమిషాల ముందే ముగిసేది. విడిగా సరిదిద్దకపోతే పాటల శ్రుతి ముప్పాతిక స్వరస్థానానికి కాస్త తక్కువగా పెరిగేది. అలాంటి డిస్కుల మీద పాటలు నేర్చినవారికి అసలు రికార్డు బరువుగా వినిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఎక్కువ హెర్ట్జ్ కళ్ళకు మేలు అన్న నమ్మకం గాజుగొట్టాల కాలం నాటిది. అప్పటి తెర ప్రతి సారీ వెలిగి ఆరేది. రెటీనా అంచు భాగం ఆ మిణుకును సులువుగా పట్టేస్తుంది. ఎల్‌సీడీ తెర తరువాతి బొమ్మ వచ్చేదాకా ఉన్న బొమ్మను నిలిపి ఉంచుతుంది. దాని ముందు కళ్ళు అలసేది ఎక్కువగా రెప్పలు వేయడం తగ్గినందుకు. అందుకే పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కె బొమ్మను 30 హెర్ట్జ్‌కు మించి పంపలేకపోయినా, చదవడానికి అదే నయం; మౌస్ బాణం కాస్త ఈడ్చినట్టు కదులుతుంది, అంతే. క్రికెట్ చూడాలంటే మాత్రం 1080కి దిగి, ప్రసారం లెక్కకు తగిన 50 ఎంచుకోవాలి.

అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని అమ్మమ్మ అన్నప్పుడు చాలామంది రిజల్యూషన్ తగ్గిస్తారు. దాన్ని తెర అసలు కొలత దగ్గరే ఉంచి, కంప్యూటరు సెట్టింగుల్లో స్కేలింగ్‌ను 150కో 200 శాతానికో పెంచితే అక్షరమూ పెద్దదవుతుంది, ‘ఢ’ కింది గీతా నిలుస్తుంది.