అరవై ఒకటో బిడ్డ

బ్యాంకు లెక్కల్లో తేడా వస్తే, కారణం తరచు వేరే పద్దులో దొరుకుతుంది. బడి నడిపేవారూ అలాగే మొత్తాన్ని కలిపి చూడాలని నా అభిప్రాయం.

తెలుగు రాష్ట్రాల బయట మన తెలుగు ప్రాథమిక బడినే తీసుకోండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 61 మంది పిల్లలకు ముగ్గురు ఉపాధ్యాయులుండాలి. 60 మందికైతే ఇద్దరు చాలు. ఒక్క బిడ్డ తగ్గితే ఒక పోస్టుకే ముప్పు! ఐదు తరగతులనూ ఇద్దరే చూస్తుంటే తల్లిదండ్రులు వేరే బడి వెతుక్కుంటారు. పిల్లలు ఇంకా తగ్గుతారు. ఇదొక విషవలయం.

ఇందులో టీచర్లను నిందించి ప్రయోజనం లేదు. హెడ్మాస్టరుగారు బడి తెరిచేదాకా ఆగకుండా, నెలల ముందే తెలుగువారి ఇళ్ళకు వెళ్ళి ఒకటో తరగతి చేరికలు చూసుకోవాలి. ఆ అరవై ఒకటో బిడ్డ మన ఇంట్లోనే ఉండవచ్చు. ఆలోచించండి.