కాలేయంలో రక్తప్రసరణ పునరుద్ధరణ – కైనేజుల నిరోధం

కాలేయ శస్త్రచికిత్సలో రక్తస్రావాన్ని అరికట్టడానికి, ఆ అవయవానికి రక్తం తెచ్చే నాళాలను కొంతసేపు నొక్కిపట్టే పద్ధతిని 1908లో గ్లాస్గో శస్త్రవైద్యుడు ప్రింగిల్ వివరించారు. అది నేటికీ వాడుకలో ఉంది. అవయవ మార్పిడిలోనైతే దాత కాలేయం గంటల తరబడి చల్లని ద్రావణంలో ఉండక తప్పదు. రెండు సందర్భాలలోనూ, ఆగిన రక్తం తిరిగి పారినప్పుడే గాయం ముదురుతుంది.

రక్తం అందని కణంలో ఏటీపీ తరిగిపోతుంది. (కణానికి శక్తినిచ్చే ఈ పదార్థాన్ని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి వెల్లడించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దానిని గుర్తించారు.) రక్తం తిరిగి రాగానే ఆక్సిజన్ ఒక్కసారిగా చేరి, మైటోకాండ్రియాలో కణాన్ని దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. కాలేయంలోనే ఉండే కుప్ఫర్ కణాలు టీఎన్ఎఫ్ వంటి వాపు సంకేతాలను విడుదల చేస్తాయి.

ఆ సంకేతాలను కణం లోపల అందిపుచ్చుకొనేవి కైనేజులనే ఎంజైములు. ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటును తీసి వేరొక ప్రోటీనుకు తగిలించడం వీటి పని. వీటిని సంకేతవాహకాలు అనవచ్చు గాని, ఎదుటి ప్రోటీను తీరునే మార్చివేస్తాయి కనుక ఆ పేరు సగమే అతుకుతుంది.

వీటిలో జేఎన్‌కే అనేది రక్తం తిరిగి పారిన కొద్దిసేపటికే చైతన్యం పొందుతుంది. అది మైటోకాండ్రియాను చేరి, పొరలోని రంధ్రాలు తెరుచుకోవడానికి తోడ్పడుతుంది. దానితో కణమరణానికి దారి ఏర్పడుతుంది. ఎలుకలలో దీనిని మందుతో నిరోధించినప్పుడు కాలేయ గాయం తగ్గింది. అయితే ఇందుకు తరచు వాడిన ఎస్‌పీ600125 ఇతర కైనేజులను కూడా అడ్డుకొంటుంది. కాబట్టి ఆ ఫలితాన్ని మొత్తంగా జేఎన్‌కే ఖాతాలో వేయడం తొందరపాటే. జేఎన్‌కే2 జన్యువు లేని చిట్టెలుకల కాలేయాన్ని మార్పిడి చేసినప్పుడు గాయం తగ్గడం ఇంతకన్న గట్టి ఆధారం.

చిక్కు మరొకటి ఉంది. కాలేయంలో కొంత భాగం తీసివేశాక మిగిలిన కణాలు విభజన చెంది పెరగడానికి కూడా జేఎన్‌కే కావాలి. పీ38 సంగతి మరింత జటిలం: దానిని నిరోధిస్తే మేలు కలిగిన ప్రయోగాలున్నాయి, ముందుగా కొద్దిసేపు రక్తాన్ని ఆపి కాలేయాన్ని సన్నద్ధం చేసే పద్ధతిలో మాత్రం రక్షణకు అదే తోడ్పడుతుంది. ఏకేటీ కణాన్ని బతికించే పక్షాన ఉంటుంది గనుక, దానిని అడ్డుకొంటే నష్టమే ఎక్కువ.

అందువల్ల ఏ కైనేజును, ఏ దశలో, ఎంతసేపు నిరోధించాలన్నదే అసలు ప్రశ్న. మార్పిడిలో మాత్రం ఒక వెసులుబాటు ఉంది: శరీరం వెలుపల ఉన్న కాలేయానికి, భద్రపరిచే ద్రావణంలోనే మందు అందించే వీలుంటుంది, రోగి తక్కిన అవయవాలకు ఆ మందు సోకేది తక్కువ.